కళాయి పోయిన గొట్టం

మా కాలంలో మా ఆస్పత్రి సెలైన్ కొనేది కాదు, వండుకునేది. ఇప్పుడు ఫార్మసీ చదివి ఉద్యోగంలో చేరే పిల్లలకు ఈ మాట చెబితే నవ్వుతారు. కంపెనీ నుంచి ప్లాస్టిక్ సంచిలో వచ్చే సెలైన్ తప్ప వాళ్లు మరొకటి చూడలేదు. తమిళనాడు ధర్మపురిలో నేను పనిచేసిన ఆస్పత్రిలో మందులగది వెనక ఒక రేకుల షెడ్డు ఉండేది. అందులో నీళ్లు మరగబెట్టి, ఆవిరిని చల్లబరిచి పట్టి, ఆ నీళ్లలో ఉప్పో గ్లూకోజో కలిపి, వడగట్టి, గాజు సీసాల్లో పోసి, రబ్బరు బిరడాలు బిగించి, ఆటోక్లేవులో ఉడికించి వార్డుకు పంపేవాళ్లం. నా ఉద్యోగంలో మంచి భాగమంతా ఆ షెడ్డులోనే గడిచింది.

ఎప్పుడు ఏ మెట్టు ఎక్కానో రాయడం లేదు. అది ఎవరికీ పనికిరాదు. ఆ షెడ్డులో జరిగిన ఒక సంగతి రాస్తున్నాను. ఈ వృత్తి అంటే ఏమిటో నాకు తెలిసింది అక్కడే.

మాది ధర్మపురి దగ్గరి ఇండూరు. సేద్యం చేసుకునే తెలుగు కుటుంబం. ఇంట్లో తెలుగు, గడప దాటితే తమిళం. మాలో తెలుగు అక్షరాలు వచ్చినవాళ్లు తక్కువ. మా మేనత్త పట్టుబట్టి నేర్పింది కాబట్టి నేను ఇది రాయగలుగుతున్నాను. మద్రాసులో ఫార్మసీ డిప్లొమాకు పోతానంటే మా అవ్వ, "మందులంగట్లో కూర్చునేదానికి మద్రాసు దాకా పోవల్నా?" అంది. మా నాయన మాత్రం పంపించాడు. అరవైల చివర్లో ఈ ఆస్పత్రిలో చేరాను. అప్పట్లో మందులగదిలో ఆడమనిషిని నేనొక్కదాన్నే.

గోవిందరాజులు సారు

నా పై అధికారి గోవిందరాజులు గారు. వాళ్లదీ ఇక్కడ తరాలుగా స్థిరపడిన తెలుగు కుటుంబమే, వ్యాపారస్తులు. డాక్టర్ల దగ్గర తమిళం, షెడ్డులో నాతో తెలుగు. ఆ షెడ్డు ఆయన కష్టం. సేలం నుంచి సీసాలు రావడం ఆలస్యమై రోగులు ఇబ్బంది పడటం చూసి, వచ్చిన ప్రతి సూపరింటెండెంటునూ అడిగి అడిగి, డిస్టిలేషన్ ప్లాంటు తెప్పించారు. అందరం దాన్ని బట్టీ అనేవాళ్లం. సారా బట్టీ లాగే ఉండేది కూడా. పెద్ద రాగి పాత్ర, దానిమీద మూత, పక్కన చుట్టలు తిరిగిన రాగి గొట్టం. పాత్రకూ గొట్టానికీ లోపలివైపు తగరం పూత. ఇత్తడి గిన్నెకు కళాయి ఎందుకు వేయిస్తారో తెలిసినవాళ్లకు ఆ పూత ఎందుకో వేరే చెప్పనక్కర్లేదు.

ఆయనంత శుభ్రమైన మనిషిని నేను చూడలేదు. ప్రతి సీసానూ వెలుతురుకు పట్టి తిప్పి చూసేవారు. సన్నటి నూలుపోగు కనిపించినా ఆ సీసా పక్కకు పోయేది. చెప్పులతో షెడ్డులోకి వచ్చిన డాక్టరును కూడా గడప దగ్గరే ఆపారు. నేను ఆయన దగ్గర నేర్చుకున్నది ఏ కాలేజీ నేర్పదు. అయితే ఒక మాట దాచకుండా చెప్పాలి. ఆయన శుభ్రత కంటికి కనిపించే శుభ్రత. తళతళలాడే నీళ్లలో కూడా ఏదైనా ఉండొచ్చని ఆయన మనసు ఒప్పేది కాదు.

ఒక ఏడు వానలు ముఖం చాటేశాయి. ఆస్పత్రి బావి ఎండిపోయి బోరు నీళ్లకు దిగాం. మా జిల్లా బోరు నీళ్ల సంగతి తెలిసిందే. ఒకసారి కాచితే గిన్నె అడుగున సున్నం పేరుకుంటుంది. బట్టీ పాత్రకూ అదే గతి. గీకితే రాదు. అందుకని గోవిందరాజులు గారు ఆసిడ్ కలిపిన నీళ్లు పోసి కడిగించడం మొదలుపెట్టారు. పాత్రతో ఆగలేదు. లోపలంతా శుభ్రంగా ఉండాలని చుట్టల గొట్టంలోకి కూడా ఆ నీళ్లు వదిలేవారు. కడిగాక పాత్ర మెరిసిపోయేది. "చూడమ్మా, కొత్త పెండ్లికూతురు మాదిరి ఉండాది" అనేవారు మురిసిపోయి.

గులాబీ రంగు

ముక్కు నుంచి రక్తం కారేవాళ్లకు దూది ముంచి పెట్టడానికి అడ్రినలిన్ చుక్కల మందు మేమే కలిపేవాళ్లం. అది నీళ్లలా తేటగా ఉండాలి. గాలికీ వెలుతురుకూ పాడై గులాబీ రంగుకు తిరుగుతుంది. అలా తిరగడానికి మామూలుగా చాలాకాలం పడుతుంది. ఆ ఎండాకాలం మాత్రం కలిపిన వారంలోనే రంగు వచ్చేసేది.

సారుకు చెప్పాను. "పౌడరు పాతదేమో. లేకుంటే వెలుతురు తగిలింటుంది. అలమరలో లోపలికి పెట్టు" అన్నారు.

లోపలికి పెట్టాను. అయినా రంగు వచ్చింది. కొత్త పౌడరు డబ్బా తెరిచాను. మళ్లీ అంతే. ఇక మిగిలింది నీళ్లే. కంపెనీ నుంచి వచ్చే చిన్న గాజు ఆంప్యూళ్లలోని నీళ్లతో కొంత మందు, మా బట్టీ నీళ్లతో కొంత మందు ఒకేపూట కలిపి, ఒకే రకం సీసాల్లో పోసి, ఒకే అరలో పక్కపక్కన పెట్టాను. కొన్నాళ్లకు మా నీళ్ల సీసా గులాబీ రంగుకు తిరిగింది. రెండోది తేటగానే ఉంది.

రాగి లాంటి లోహం రవ్వంత ఉన్నా అడ్రినలిన్ త్వరగా పాడవుతుందని చదువుకున్నాను. పరీక్షలో రాసి మార్కులు తెచ్చుకున్నాను కూడా. అలమర ముందు నిలబడినప్పుడు మాత్రం ఆ వాక్యం వేరేలా వినిపించింది. చుక్కల మందు కలిపే నీళ్లే కదా సెలైన్ సీసాల్లోకీ పోతున్నవి.

మునెమ్మ

అదే రోజుల్లో వెల్లిచందై నుంచి మునెమ్మ అనే అమ్మాయిని బండిలో తీసుకొచ్చారు. తొలికాన్పు. ఆపరేషన్ చేసి బిడ్డను తీశారు. బిడ్డ బాగుంది. తల్లికి సెలైన్ పెట్టారు. కాసేపటికి వణుకు మొదలైంది. మావైపు దాన్ని కుళిరు ఎత్తడం అంటారు. సెలైన్ పెట్టినవాళ్లకు అప్పుడప్పుడూ కుళిరు ఎత్తడం ఆ రోజుల్లో అందరికీ అలవాటైన సంగతి. నీళ్లలో చచ్చిన సూక్ష్మజీవుల మిగులు ఉంటే అలా అవుతుంది. దుప్పటి కప్పి, సూది వేసి, సీసా మార్చేవాళ్లు.

వార్డు పెద్ద నర్సు సిస్టర్ ఫిలోమినా అలాగే చేసింది. కానీ సీసా మార్చినా మునెమ్మకు వాంతులు ఆగలేదు, కడుపునొప్పి అంది. మర్నాటికి మూత్రం నల్లటి టీ రంగులో వచ్చింది. సిస్టర్ నన్ను పిలిపించింది.

మునెమ్మ తెలుగు పిల్లే. నన్ను చూసి, "అక్కా, నోరంతా చిలుము నాకినట్టు ఉండాది. ఏమి తాగినా అదే రుచి" అంది.

పక్కన కూర్చున్న వాళ్ల అత్త, "ఏమ్మా, చిలుము పట్టిన గిన్నెలో పులుసు ఏమన్నా పెట్టినారా అని అందరూ మమ్మల్ని అడుగుతుండారు. నిన్నటి నుంచి గుక్కెడు నీళ్లు తప్ప ఏమీ ఈలేదు మేము. దేవుని సాక్షి" అంది. కోడలికి ఏదైనా అయితే తననే అంటారన్న భయం ఆ మాటలో ఉంది.

"మీరు ఏమీ చేయలేదు అత్తా. నేను చూస్తాను" అన్నాను.

సిస్టర్ సూది తీసేసింది. నేను ఆ సీసాలో మిగిలిన నీళ్లు పట్టుకుని మందులగదికి వచ్చాను. అప్పుడు వార్డు నిండా ఉన్న విరేచనాల రోగులకు ఎలాగూ వాంతులే, వాళ్లలో ఇది ఎవరి కంటా పడదు. మునెమ్మకు విరేచనాలు లేవు. అందుకే బయటపడింది.

తెల్ల కాగితం మీద మూడు గొట్టాలు

లోహాన్ని పట్టే పరీక్ష కష్టమైనదేమీ కాదు. నీళ్లను పొడవాటి గాజు గొట్టంలో పోసి, సోడియం సల్ఫైడ్ చుక్కలు వేసి, కింద తెల్ల కాగితం పెట్టి పైనుంచి చూడాలి. లోహం లేకపోతే నీళ్లు నీళ్లలాగే ఉంటాయి. ప్రతి విడతకూ చేయాలని మా ప్రమాణ గ్రంథంలో ఉంది. మా షెడ్డులోనే కాదు, నాకు తెలిసిన ఏ ఆస్పత్రిలోనూ అప్పట్లో ఎవరూ చేసేవారు కాదు.

ఆంప్యూలు నీళ్లు ఒక గొట్టంలో, బట్టీ నుంచి అప్పుడే పట్టిన నీళ్లు ఒక దాంట్లో, మునెమ్మ సీసా నీళ్లు ఒక దాంట్లో పోశాను. మొదటిది మారలేదు. మిగిలిన రెండూ పలచటి టీ నీళ్ల రంగుకు వచ్చాయి. అది రాగేనా అని తేల్చుకోవడానికి ఊళ్లో కాలేజీ రసాయనశాస్త్రం మాస్టారి దగ్గరికి బట్టీ నీళ్లు పట్టుకెళ్లాను. వాటిని ఇగరబెట్టి ఆయన మరో పరీక్ష చేస్తే ఎర్రమట్టి రంగు తేలింది. రాగే.

గోవిందరాజులు గారికి చూపించాను. ఆయన మూడు గొట్టాలనూ వెలుతురుకు పట్టి చూశారు.

"ఇప్పుడు ఏమి చేయమంటావు?"

"బట్టీ ఆపల్ల సారూ. షెడ్డులో ఉండే సీసాలన్నీ పారబోయల్ల."

"పాలక్కోడు పక్క ఊర్లన్నీ వాంతిబేదులతో పడుండారు. వార్డులో వరండాలో కూడా పడకలు వేసినారు. సేలం నుంచి సీసాలు యాడొస్తాయి? నీళ్లు లేక చచ్చేవాడికి రాగి కొంచెం ఉంటే ఏమి, లేకుంటే ఏమి?"

ఆ ప్రశ్న తేలికైనది కాదు. ఇవాళ్టికీ నేను దాన్ని తేలిగ్గా తీసుకోను. చేతిలో ఉన్న మందు చెడ్డదని తెలిసినా, అది లేకపోతే మనిషి చచ్చిపోతాడంటే ఏం చేయాలి? ఏ పుస్తకంలోనూ దీనికి జవాబు లేదు. "మన ఇద్దరం తేల్చేది కాదు సారూ, సూపరింటెండెంటు దగ్గరికి పోదాము" అన్నాను.

"నువ్వు పో. నేను రాను" అని ఆయన ముఖం తిప్పుకున్నారు.

గొట్టాలను చెక్క స్టాండులో పెట్టుకుని సూపరింటెండెంటు డాక్టర్ సుందరమూర్తి గారి గదికి వెళ్లాను. ఆయన తమిళులు, మాట తక్కువ. లేచి నిలబడి పైనుంచి ఒక్కొక్క గొట్టంలోకీ చూశారు. "ఇది ప్రాణం తీస్తుందా?" అని అడిగారు.

"తెలియదు సార్. ఆ వణుకులన్నీ దీనివల్లే అని కూడా చెప్పలేను. సిరలోకి పోయే నీళ్లలో ఇది ఉండకూడదు. అంతవరకు తెలుసు."

తలుపు దగ్గర చప్పుడైంది. గోవిందరాజులు గారు. రాను అన్న మనిషి వచ్చి నిలబడ్డారు. "ఆమె చెప్పేది నిజం డాక్టర్. ఆసిడ్‌తో కడిగించింది నేను. గొట్టం కూడా కడిగించినాను. కళాయి పోయి ఉంటుంది" అన్నారు. తన పనిని ఎవరూ వేలెత్తి చూపకుండా ఇన్నేళ్లు బతికిన మనిషికి ఆ మాట ఎంత బరువో నాకు తెలుసు.

డాక్టరు గారు ఎవరినీ ఏమీ అనలేదు. "బట్టీ ఆపండి. జీపు సేలం పంపిస్తాను. సీసాలు వచ్చేదాకా ఎవరికి నిజంగా అవసరమో నేనే చూస్తాను" అన్నారు. మంచి అధికారి అంటే ఎవరని నన్నడిగితే ఆ గదే గుర్తొస్తుంది. తప్పెవరిదని వెతికి ఉంటే ఆ తర్వాత మా ఆస్పత్రిలో ఎవరూ ఏ తప్పునూ బయటపెట్టేవారు కాదు.

ఈయం

మర్నాడు గోవిందరాజులు గారు కొంచెం తేరుకున్నారు. "కారిమంగళం సంతలో కళాయి వేసేవాడు ఉండాడు. మా ఇంటి గిన్నెలన్నీ వాడే చేస్తాడు. పిలిపిస్తే మళ్లీ పూసి పెడతాడు. రెండు మూడు దినాల్లో బట్టీ నడుస్తుంది" అన్నారు.

మామూలుగా చూస్తే అదే తెలివైన దారి. కానీ మావైపు మాటలో ఒక చిక్కుంది. తగరాన్నీ ఈయం అనే అంటారు, సీసం అనే లోహాన్నీ ఈయం అనే అంటారు. సంతలో దొరికే ఈయంలో తగరం ఎంతో, చవకని కలిపిన సీసం ఎంతో పూసేవాడికే తెలియదు.

"సారూ, వాడు పూసే ఈయంలో కారీయం, అదే సీసం, కలిసింటే? రాగి పోయి సీసం వస్తుంది. అది రాగి కంటే చెడ్డది" అన్నాను.

"మా ఇంట్లో ఈయచ్చెంబులోనే రసం కాస్తారు. మా తాత కాలం నుంచి తాగుతుండాము. ఎవురికి ఏమైంది?"

"రసం నోట్లో పోతుంది సారూ. కడుపుంది, కాలేయముంది, అవి కొంచెం ఆపుతాయి. ఇది నేరుగా నెత్తుట్లోకి పోతుంది. అక్కడ కావలి కాసేవాళ్లు ఎవురూ లేరు."

ఆయన, "సరే, ముందు లోపల ఎట్లుండాదో చూద్దాము" అని గొట్టం విప్పించారు. మనిషిని పిలవలేదు. తనే రంపం పట్టి ఒక చుట్టను నిలువునా కోశారు. లోపల తెల్లటి పూత అక్కడక్కడ పొరలుగా మిగిలింది. మిగిలినదంతా ఎర్రటి రాగి, వంపుల దగ్గర పచ్చటి చిలుము. ఆయన దాని మీద వేలు రాసి చూసుకున్నారు. "పెండ్లికూతురు అన్నాను కదమ్మా" అని తనలో తాను నవ్వుకున్నారు. నాకు నవ్వు రాలేదు. కళాయి మాట ఆయన మళ్లీ ఎత్తలేదు.

కాలేజీ మాస్టారు తన లాబొరేటరీలోని గాజు కండెన్సర్లు అరువిచ్చారు. గాజు ఫ్లాస్కులో కాచి గాజు గొట్టంలో చల్లబరిస్తే నీళ్లు చుక్క చుక్కగా వచ్చేవి. రోజంతా కూర్చుంటే కొద్ది సీసాలు. కానీ ఆ నీళ్లలో సల్ఫైడ్ వేస్తే రంగు లేదు. జీపులో సేలం నుంచి వచ్చినవి, ఇవి కలిపితే కళ్లు తేలేసినవాళ్లకు, నాడి అందనివాళ్లకు మాత్రం సరిపోయేవి.

గంజి

మిగిలినవాళ్ల సంగతి సిస్టర్ ఫిలోమినా చూసుకుంది. మింగగలిగిన ప్రతి రోగికీ ఉప్పు వేసిన పలచటి గంజి, గుక్క గుక్కగా, వాంతి అయినా ఆపకుండా పట్టించాలని డాక్టరు గారు చెప్పారు. ఆస్పత్రి వంటశాలలో అండాలకు అండాలు గంజి కాచారు. ఉప్పు ఎంత వేయాలో నేను తూచి పొట్లాలు కట్టి ఇచ్చేదాన్ని. ఫార్మసీ చదివిన నాకు ఉప్పు పొట్లాలు కట్టడం మొదట చిన్నతనంగా అనిపించింది. రెండో రోజుకు ఆ ఊహ పోయింది.

జనానికి మాత్రం అది ఆస్పత్రి వైద్యంలా అనిపించలేదు. కారిమంగళం వైపు నుంచి వచ్చిన ఒక పెద్ద రైతు నన్ను పట్టుకున్నాడు. "ఏమ్మా, గంజి తాగేదానికా మేము బస్సెక్కి వచ్చినాము? అది మా ఇంట్లో లేదా? సీసా పెట్టండి."

"మీ తమ్ముడు మింగుతుండాడు కదా పెద్దాయనా. మింగేవాళ్లకు ఇదే సీసా."

"సూది లేని ఆసుపత్రిని ఇప్పుడే చూస్తుండా" అని గొణుక్కుంటూ పోయి తమ్ముడి పక్కన కూర్చున్నాడు. సాయంత్రం చూస్తే లోటా పట్టుకుని తమ్ముడిని తిడుతూ తాగిస్తున్నాడు. ఊరికి పోయేటప్పుడు, "పరవాలేదు, గంజి బాగా కాస్తారు ఇక్కడ" అని అందరికీ వినిపించేలా అన్నాడు.

మాకు అందరూ దక్కలేదు. ఆలస్యంగా వచ్చినవాళ్లలో కొందరు పోయారు. కానీ సీసా లేక పోయారని చెప్పదగినవాళ్లు లేరని డాక్టరు గారు అన్నారు. మునుపు అవసరం లేనివాళ్లకు కూడా సీసాలు ఎక్కిస్తూ ఉన్నామని మాకందరికీ అప్పుడే అర్థమైంది.

మునెమ్మ మూత్రం మెల్లగా తేటపడింది. మందులగది కిటికీ దగ్గరికి వాళ్ల అత్తతో కలిసి బిడ్డను చూపించడానికి వచ్చింది. అన్నం రుచి తెలుస్తోందా అని అడిగాను. "తెలుస్తుండాది అక్కా. మా అత్త పెట్టే కారం కూడా తెలుస్తుండాది" అంది. అత్త నవ్వింది. ఆమె భుజాల మీంచి ఎంత బరువు దిగిందో ఆ నవ్వులో తెలిసింది.

కొత్తవాళ్లకు నాలుగు మాటలు

తేటగా ఉన్నది శుద్ధమైనదని అనుకోకండి. ఈ వృత్తిలో కన్ను మంచి నౌకరు, చెడ్డ యజమాని. శుభ్రం చేసే పని కూడా ఒక్కోసారి పాడుచేస్తుంది. పాత్రను కడిగే ముందు అది దేనితో చేసిందో, లోపల ఏ పూత ఉందో అడగండి. మీరు వాడే గొట్టం, బిరడా, వడపోత కాగితం, అన్నీ మందులో భాగాలే. అవి కూడా మెల్లగా మందులోకి దిగుతాయి.

ఒక మందు రంగు మారితే మందును తిట్టి ఊరుకోకండి. అది మీకేదో చెబుతోంది.

తప్పు చూపించేటప్పుడు మనిషిని చూపించకండి, గొట్టం చూపించండి. నేను ఆనాడు సారు ఆసిడ్ వాడారని చెప్పడానికి వెళ్లలేదు, నీళ్లలో రాగి ఉందని చెప్పడానికి వెళ్లాను. ఆయన గుమ్మందాకా రాగలిగింది అందుకే అని నా నమ్మకం.

ఇంకొకటి. మందులగది వాళ్లు వార్డుకు పోవాలి. గాజు గొట్టాలు నాకు రంగు చూపించాయి గానీ, ఆ రంగుకు అర్థం మునెమ్మ మంచం దగ్గర తెలిసింది.

మన నీళ్లు

తర్వాత స్టెయిన్‌లెస్ స్టీలు బట్టీ వచ్చింది. గోవిందరాజులు గారు దాన్ని ఆసిడ్ దరిదాపుల్లోకి రానివ్వలేదు. ప్రతి విడత నీళ్లకూ సల్ఫైడ్ పరీక్ష ఆయన తానే చేసేవారు. నేను చేశానన్నా వినేవారు కాదు. పొద్దున్నే కళ్లద్దాలు తుడుచుకుని గొట్టంలోకి వంగి చూసి, ఏమీ కనపడకపోతే, "ఒగటీ లేదు" అనేవారు, ఏదో బహుమతి వచ్చినట్టు. మా ఇద్దరి మధ్య ఆ గొట్టం గొడవ తాలూకు చేదు ఎప్పుడు పోయిందో నాకే తెలియదు. ఒకరోజు చూసుకుంటే లేదు.

ఆయన ఉద్యోగం చివరి ఏట హెర్నియా ఆపరేషన్‌కు మా ఆస్పత్రిలోనే చేరారు. అప్పటికి కంపెనీ సెలైన్ కూడా సులువుగా దొరుకుతోంది. స్టోరులో ఉంది. ఆపరేషన్ అయ్యాక నేను వార్డుకు వెళ్లేసరికి సిస్టర్ ఫిలోమినా రెండు సీసాలు పట్టుకుని ఆయన మంచం పక్కన నిలబడి ఉంది. ఒకటి కంపెనీది, రంగుల లేబులు. ఇంకొకటి మాది, నా చేతిరాత లేబులు. స్టాఫ్ మనిషి కదా, కంపెనీది పెట్టనా అని ఆమె అడుగుతోంది.

ఆయన మత్తు ఇంకా పూర్తిగా దిగలేదు. కళ్లు సగం తెరిచి నా వైపు చూశారు. ఆ తర్వాత చెయ్యి చాపి మంచం అంచున పెట్టారు.

"మన నీళ్లే పెట్టమ్మా" అన్నారు.